హాన్ అంటే ఏ హాన్?

పైన అడిగిన ప్రశ్న: హాన్ రాజవంశం, హాన్ ప్రజలు, వుహాన్ నగరం, సియోల్ మధ్యలో పారే హాన్ నది, వీటన్నిట్లో ఉన్న 'హాన్' ఒకటేనా, దాని అర్థం ఏమిటి?

రాతలో ఒకటేనండీ. చైనా లిపిలో ఆ అక్షరానికి ఎడమ పక్కన మూడు నీటి చుక్కలుంటాయి, నీళ్లకు సంబంధించిన మాట అనడానికి అదే గుర్తు. మొదట అది వట్టి నది పేరు. షాన్షీ రాష్ట్రం దక్షిణపు కొండల్లో పుట్టి (షాన్షీలు రెండున్నాయి, స్వరం తేడాతో, అంటే పలికేటప్పుడు గొంతు ఎక్కించి దించే తీరులో తేడాతో, ఆ తలనొప్పి ఇంకోసారి చూద్దాం) 1,500 కిలోమీటర్లకు పైగా పారి వుహాన్ దగ్గర యాంగ్సీలో కలుస్తుంది. ఈ నది పేరునే పాతకాలంవాళ్లు ఆకాశంలోని పాలపుంతకూ పెట్టుకున్నారు, 'ఆకాశానికి ఒక హాన్ ఉంది' అని షిజింగ్ అనే ప్రాచీన గీతాల సంకలనంలో ఒక పాదం కూడా ఉంది. మనం గంగను పైకెక్కించి ఆకాశగంగ అనుకోలేదా, వాళ్లూ అదే చేశారు.

నది పేరు రాజవంశానికి ఎలా అంటుకుందో అది ఇంకా బాగుంటుంది. చిన్ సామ్రాజ్యం కూలినప్పుడు, తిరుగుబాటు నాయకుల్లో రాజధాని ప్రాంతంలో ఎవరు ముందు అడుగుపెడితే వాళ్లే అక్కడ రాజు అని ఒప్పందం. ముందు వెళ్లింది లియూ బాంగ్. కానీ బలం ఇంకో నాయకుడు షియాంగ్ యూ చేతిలో ఉంది, అతను పొమ్మనలేక పొగపెట్టినట్టు, కొండల అవతల హాన్ నది ఎగువన ఉన్న హాన్‌జోంగ్ ప్రాంతం ఇచ్చి 'నువ్వు హాన్ రాజువి' అన్నాడు. ఇది క్రీ.పూ. 206లో. లియూ బాంగ్ ఒళ్లు మండి యుద్ధానికి దిగబోతే, అతని మంత్రి షియావ్ హ ఆపి, 'జనం ఆకాశ హాన్ అంటుంటారు కదా, పేరు ఎంత అందంగా ఉందో చూడండి' అని నచ్చజెప్పాడట. ఈ కథ మొత్తంలో నాకు నచ్చింది ఆ మంత్రి లౌక్యమే. పనిష్మెంట్ పోస్టింగ్‌ని పాలపుంత చేసేశాడు. నాలుగేళ్లకు, క్రీ.పూ. 202లో, లియూ బాంగ్ చక్రవర్తి అయినా ఆ పేరు మార్చలేదు. నడుమ కొన్నేళ్లు వాంగ్ మాంగ్ సింహాసనం లాక్కున్నా, మొత్తం మీద ఆ వంశం క్రీ.శ. 220 దాకా సాగింది. ఆ పేరే చివరికి జనానికి కూడా పేరైంది. 2020 జనగణన ప్రకారం చైనా జనాభాలో 91.11 శాతం మంది హాన్‌లే. అయితే దక్షిణ చైనాలోని క్యాంటనీస్‌వాళ్లు తమను తాము 'టాంగ్ మనుషులు' అనుకుంటారు, తర్వాత వచ్చిన ఇంకో వంశం పేరు మీద. చైనాటౌన్‌ని చైనా భాషలో 'టాంగ్ మనుషుల వీధి' అంటారు, హాన్ వీధి అనరు.

ఇక్కడ చాలామంది వదిలేసే అర్థం ఒకటుంది. హాన్ అంటే 'మగాడు' కూడా. ఉత్తర చైనాను స్టెప్పీ (గడ్డి మైదానాల) జాతుల రాజులు ఏలిన రోజుల్లో స్థానికులను 'హాన్‌జ' అని ఈసడించేవాళ్లు. 12వ శతాబ్దపు కవి లూ యూ కూడా, పనికిమాలినవాణ్ని హాన్‌జ అనడం ఆ స్టెప్పీ రాజుల కాలంలోనే మొదలై ఉంటుందని రాశాడు. ఆ తిట్టే ఇప్పుడు మామూలు మాటగా, ఒక్కోసారి మెప్పుగా కూడా మారింది. 'హావ్‌హాన్' అంటే మొనగాడు, 'లావ్‌హాన్' అంటే ముసలాయన, 'జుయ్‌హాన్' అంటే తాగుబోతు. ఎవరి సాయమూ అడగకుండా పనులన్నీ తనే చక్కబెట్టుకునే గట్టి అమ్మాయిని ఇంటర్నెట్‌లో 'ను హాన్‌జ' అంటారు, ఆడ మగరాయుడు అన్నమాట. మహాగోడకు వెళ్లినవాళ్లకు బదాలింగ్ దగ్గర రాయి మీద 'మహాగోడ చేరనివాడు హావ్‌హాన్ కాడు' అని కనిపిస్తుంది, అది మావో 1935లో రాసిన పద్యంలోని పాదం. చైనా లిపిని కూడా 'హాన్‌జ' అనే అంటారు గానీ అందులో 'జ' వేరే అక్షరం, స్వరం కూడా ఒత్తి పలకాలి.

వుహాన్ సంగతి. 2020లో ఆ పేరు మన నోళ్లలో ఎంత నానిందో చెప్పక్కర్లేదు. వుచాంగ్, హాన్‌కో, హాన్‌యాంగ్ మూడు ఊళ్లు కలిసి వుహాన్. హాన్‌కో అంటే హాన్ నది ముఖద్వారం. హాన్‌యాంగ్ అంటే హాన్‌కి ఎండ పక్క, అంటే ఉత్తరపు గట్టు. కానీ మ్యాప్ తీసి చూడండి, ఊరు నదికి దక్షిణాన ఉంటుంది! 15వ శతాబ్దంలో నది దారి మార్చుకుని అక్కడి కొండకు ఉత్తరంగా పోయింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

> ఇంకొకరి ప్రశ్న: మరి దక్షిణ కొరియాను 'హాన్‌గ్వో' అంటారుగా, అదీ ఇదేనా బ్రదర్? వియత్నాం రాజధాని హనోయ్? చెంగీజ్ ఖాన్‌ని కూడా చైనావాళ్లు హాన్ అంటారని విన్నా.

మూడూ కాదు. తెలుగులో రాస్తే స్వరం పోతుంది కాబట్టి మనకు ఒకేలా వినిపిస్తాయి. నది, ప్రజలు అనే హాన్‌ని పైనుంచి కిందికి విసిరినట్టు పలకాలి. కొరియా హాన్‌ని మనం 'ఏంటీ?' అన్నప్పటిలా పైకి లేపాలి, అక్షరమూ వేరే. క్రీ.పూ. 230లో చిన్ మింగేసిన చిన్న రాజ్యం ఒకటుంది, దాని పేరుకీ ఈ కొరియా హాన్ అక్షరమే. చెంగీజ్ పక్కనున్నది ఖాన్ బిరుదే, దాన్నీ ఇలాగే పైకి లేపి పలుకుతారు గానీ మామూలుగా ఆ అక్షరానికి అర్థం చెమట.

సియోల్ నది మాత్రం రాతలో మన మూడు చుక్కల హాన్. కొరియా మాటలో హాన్ అంటే పెద్ద అని, అది రాయడానికి ఈ అక్షరం వాడుకున్నారని చెబుతారు. సియోల్‌ని కూడా చైనావాళ్లు చాలాకాలం 'హాన్‌చెంగ్', అంటే హాన్ నగరం అనే పిలిచారు. ఆ ఊళ్లో అదే అక్షరాల పేరుతో ఇంకో యూనివర్సిటీ ఉండటంతో సియోల్ యూనివర్సిటీకి రావాల్సిన ఉత్తరాలు అటు పోయేవట. చివరికి 2005లో నగర యంత్రాంగమే కలగజేసుకుని, ఇకమీద 'షౌఅర్' అని రాయండని అడిగి మార్పించింది.

హనోయ్‌ని 'హా' దగ్గర విరవాలి, హాన్ దగ్గర కాదు. హా అంటే నది, నోయ్ అంటే లోపల.