ఫ్రెన్ అంటే మనసా, డయాఫ్రమా? గ్రీకు మాటలతో తికమక

ప్రశ్న:

నమస్తే అండి. ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అనాటమీ పదాలు గుర్తుండాలని గ్రీకు ముక్కలతో ఒక పట్టిక రాసుకున్నాను, ఒక్కో ముక్కకు ఒక్కో అర్థం. ఇప్పుడు ఆ పట్టికే నన్ను ముంచుతోంది. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు పేరు చూసి 'ఫ్రెన్' పక్కన మనసు అని రాశాను. తీరా ఫ్రెనిక్ నెర్వ్ వెళ్లేది డయాఫ్రమ్‌కి, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండకి! 'కార్డియా' పక్కన గుండె అని రాశాను. జీర్ణాశయం పై ద్వారాన్ని కార్డియాక్ ఆరిఫిస్ అంటున్నారు. సోమవారం వైవా (నోటి పరీక్ష) ఉంది. పట్టిక మొత్తం కొట్టేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (అనాటమీ చెప్పి రిటైరైన టీచరు):

కొట్టేయకమ్మా. ఇంకో గడి కలుపు చాలు. అర్థం పక్కన 'ఆ చోట ఏం జరుగుతుందని అనుకునేవాళ్లు' అని రాసుకో. గ్రీకులు ఈ మాటలను మన పరీక్షల కోసం పెట్టుకోలేదు. ఒంట్లో ఎక్కడ ఏది తెలిసిందో ఆ చోటి పేరే ఆ అనుభవానికీ వాడుకున్నారు.

ఫ్రెన్ సంగతే చూడు. బహువచనంలో ఫ్రెనెస్. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో భయం, సంతోషం, ఆలోచన అన్నీ అక్కడే పుడతాయి. అలాగని అది గాలిలో తేలే మనసు కాదు, ఈటె గుచ్చుకునే కండ. 'ఇలియడ్'లో సార్పెడాన్ అనే వీరుడికి దెబ్బ తగిలింది గుండె చుట్టూ ఫ్రెనెస్ ఉండే చోట. 'ఒడిస్సీ'లో గుహలో చిక్కుకున్న ఒడిస్సియస్, ఒంటికన్ను రాక్షసుడిని ఫ్రెనెస్ కాలేయాన్ని పట్టి ఉంచే చోట పొడవాలనుకుంటాడు. పైన గుండె, కింద కాలేయం. మధ్యలో ఏముందో డిసెక్షన్ హాల్లో నువ్వు చూసే ఉంటావు. ఊపిరితిత్తులు కూడా ఆ మాటలోకి వస్తాయని వాదించిన పండితులున్నారు గానీ, వైద్యులు మాత్రం డయాఫ్రమ్‌కే ఖాయం చేశారు. భయపడితే ఊపిరి బిగుసుకుంటుంది, ఏడిస్తే అక్కడే ఎగదన్నుతుంది. ఆలోచన కూడా అక్కడే ఉందనుకోవడంలో వింతేముంది?

దీన్ని అప్పుడే కాదన్నవాళ్లూ ఉన్నారు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ పేరుతో మనకు దక్కిన గ్రంథాల్లో మూర్ఛవ్యాధి గురించి ఒకటుంది. ఆలోచించేది మెదడేననీ, ఫ్రెనెస్‌కు ఆ పేరు అలవాటు కొద్దీ వచ్చిందే తప్ప నిజం కాదనీ దాంట్లో రాశారు. అది నాకు చాలా ఇష్టమైన చోటు. అంత తెలిసినా పాత మాట చావలేదు. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రెనియాకు ఆ పేరు పెట్టేటప్పుడు 'చీలిక'కు గ్రీకు మాటనూ, మనసుకు ఈ ఫ్రెన్‌నూ కలిపాడు. నరం పాత చోటు పేరు నిలుపుకుంది, జబ్బు పాత నమ్మకం పేరు నిలుపుకుంది. వైవాలో ఇలాగే చెప్పు.

కార్డియాకు మన ఇంట్లో మాటే సాక్ష్యం. పులుపెక్కువ తిని పొట్టలో యాసిడ్ పైకి తన్నితే మనమేమంటాం? గుండెల్లో మంట. గుండెకేమీ కాలేదని తెలిసీ అంటాం. గ్రీకులు కూడా జీర్ణాశయం పై మూతిని కార్డియా అనేవాళ్లు. క్రీస్తుపూర్వం 430లో ఏథెన్స్‌లో మహమ్మారి వచ్చినప్పుడు, జబ్బు కార్డియాలో దిగితే తిప్పేసి పిత్తం కక్కించేదని గ్రీకు చరిత్రకారుడు తూసిడిడీస్ రాశాడు. అక్కడ కార్డియా అంటే పొట్టేనని తర్వాతి కాలపు వైద్యుడు గాలెన్ కూడా చెప్పాడు.

ప్రశ్న అడిగిన అమ్మాయి:

మేష్టారూ, చాలా థాంక్స్. ఆర్టరీ సంగతి కూడా చెబుతారా? దాంట్లో 'గాలి' ఉందని మా సీనియర్ అంటున్నాడు, నమ్మాలో లేదో తెలియలేదు.

జవాబు (టీచరు):

సీనియర్ మాటకు ఆధారం ఉందమ్మా. ఆర్టీరియా అంటే మొదట్లో గాలిగొట్టం కూడా. దాన్ని విడిగా చెప్పడానికి 'గరుకు ఆర్టీరియా' అన్నారు, గరుకు అనే ఆ మాటే నీ ట్రకియా. శవంలో ధమనులు దాదాపు ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి అవీ గాలిగొట్టాలేనని ఎరసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యుడు నమ్మాడు. గాలెన్ బతికున్న జంతువులో ధమనిని రెండుచోట్ల దారంతో కట్టి, మధ్యలో కోసి చూశాడు. ఉన్నది రక్తమే.

జవాబు (ఇంకొకరు):

నేను వైద్యం చదవలేదండీ, బైబిల్ కోసం కొంచెం గ్రీకు నేర్చుకున్నాను. స్ప్లాంక్నా అంటే లోపలి అవయవాలు, బలి ఇచ్చిన పశువు గుండె, కాలేయం లాంటివి. దాన్నుంచే ఒక క్రియ పుట్టింది. మత్తయి 9:36లో జనసమూహాన్ని చూసి యేసు 'కనికరపడి' అని మన తెలుగు బైబిల్లో ఉంది కదా, గ్రీకులో ఆ క్రియే. కడుపు తరుక్కుపోయింది అంటే ఇంకా దగ్గరగా ఉండేదేమో అని చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మీ స్ప్లాంక్నిక్ నెర్వులు ఇవేనా?

జవాబు (టీచరు):

ఇవేనండీ. కడుపులోని అవయవాలకు వెళ్లే నరాలు. ఆ తెలుగు మాట నాకు ఇన్నేళ్లలో తట్టలేదు, క్లాసులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

జవాబు (తెలుగు పండితుడు):

మా వైపు నుంచి రెండు. కంటిపాపను గ్రీకులు కోరె అన్నారు, అంటే అమ్మాయి. సంస్కృతంలో కనీనికకూ అదే వరస. ఎదుటివాళ్ల కంట్లోకి చూస్తే మన బొమ్మ చిట్టిగా కనబడుతుంది, అందుకే అంతటా పాపే. రెండు పాపలూ ఒకే సైజులో లేకపోతే మీరనే అనైసోకోరియాలో ఉన్నది ఈ కోరేనే. ఇక డాక్టిలోస్ అంటే వేలు. వేలికి ఒక పొడుగు కణుపు, రెండు పొట్టి కణుపులు. ఒక గురువు, రెండు లఘువులున్న గణానికీ గ్రీకులు ఆ పేరే పెట్టారు. మన భగణం అదే, 'భారత' అని పలికి చూడమ్మా. హోమర్ నడక అంతా దీని మీదే.

ప్రశ్న అడిగిన అమ్మాయి:

అయితే చిన్నపేగు మొదటి భాగం డుయోడినమ్‌ పేరులో పన్నెండు ఉన్నది ఈ వేళ్లేనా సార్? ఇంకొకటి, పెద్దపేగు కోలన్, వాక్యంలో రెండు చుక్కల కోలన్, ఇవి కూడా ఒకటేనా?

జవాబు (టీచరు):

మొదటిది అవును. పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవని అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ అనే వైద్యుడు పెట్టిన పేరు, లాటిన్‌లోకి వచ్చేసరికి పన్నెండు మిగిలి వేళ్లు జారిపోయాయి. రెండోది కాదు, అక్కడ జాగ్రత్త. రెండు చుక్కల కోలన్‌కు మూలం అవయవం, అంటే కాలూ చెయ్యీ అనే అర్థమున్న మాట. అది దీర్ఘంతో కోలన్. వాక్యానికి అవయవం లాంటి ముక్క అని వాడారు. పెద్దపేగుది హ్రస్వంతో కొలన్. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో కలిసిపోయాయి గానీ గ్రీకులో అక్షరాలే వేరు. పట్టికలో రెండు వరుసల్లో విడివిడిగా రాసుకో.