మర్ల, మల్ల, మళ్ళీ

నిన్న ఒక తమ్ముడు అడిగిండు: "మా నాయనమ్మ 'మర్ల చెప్పు' అంటది. 'మళ్ళీ' పలకరాక అట్ల అంటదా?" అని. కాదు తమ్మీ. మీ నాయనమ్మ సరిగ్గనే అంటున్నది.

మాది దేవరకొండ దిక్కు. నాలుగో తరగతిల కథ రాయమంటే "కాకి మర్ల వచ్చింది" అని రాసిన. సారు ఎర్ర పెన్నుతోటి 'మర్ల' కొట్టేసి పైన 'మళ్ళీ' అని రాసిండు. ఆ ఎర్రగీత ఇంకా నా కండ్లల్లనే ఉన్నది. అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మరలు అంటే వెనుకకు తిరుగుడు. దాని నుంచి వచ్చింది 'మరల'. విశ్వనాథ సత్యనారాయణ "మరల నిదేల రామాయణంబన్నచో" అని ఎత్తుకున్నడు చూడుండ్రి, ఆ పద్యం మొదటి మాటే ఇది. మనం నడిమి అచ్చును మింగుతం: చిలుక చిల్క అయితది, మొలక మొల్క అయితది, మరల మర్ల అయితది. ఇగ ఆ ర, ల ఒకదాంట్ల ఒకటి కలిసిపోతే 'ళ్ళ' వస్తది. ఊరులు, ఊర్లు, ఊళ్ళు. గోరులు, గోర్లు, గోళ్ళు. అదే వరుసల మరల, మర్ల, మళ్ళ. 'మరలి' నుంచి మళ్ళి, చివర సాగదీస్తే మళ్ళీ. ఈ లెక్కన మళ్ళీకంటే మర్లనే మూలానికి దగ్గర. ఊర్లు అంటే ఎవరూ తప్పు పట్టరు, మర్లకే ఎందుకు ఎర్రగీత?

ఇంకో సంగతి. పుస్తకాలల్ల ఎండిపోయిన ఆ 'తిరుగుడు' అర్థం మన ఇండ్లల్ల ఇంకా పచ్చిగనే ఉన్నది. మా అమ్మ జొన్నరొట్టె పెంక మీద ఏసి, పైన తడిగుడ్డతోటి నీళ్ళు అద్దుతది. ఆ తడి ఆరంగనే "ఇగ మర్లెయ్యి" అంటది. పాలమూరు నుంచి బొంబాయి పనికి పోయినోళ్ళు పండుగకు ఇంటికొస్తే "మర్లొచ్చిండ్రు" అంటరు. ఎదురు తిరిగినోన్ని "మర్లవడ్డడు" అంటరు. 'తిరిగి' కూడ ఇసొంటిదే, తిరుగు నుంచి వచ్చిందే కద.

'మల్ల' దగ్గర మాత్రం జాగ్రత్త. "మల్ల రా" అన్నప్పుడు అది మళ్ళీనే. కాని బస్టాండ్ల ఈ మాట వినుండ్రి:

"ఆఖరి బస్సు పోయిందట."
"ఎట్ల మల్ల?"

ఇక్కడ ఇంకోసారి అనే అర్థమే లేదు, 'మరి' చేసే పని చేస్తున్నది. "అవు మల్ల", "గంతే మల్ల" కూడ అంతే. వీటిని 'మళ్ళీ' అని దిద్దితే మాట చస్తది.

ఎన్నిసార్లు అని లెక్క చెప్పాల్నంటే మనకు 'తాప' ఉన్నది. "నాలుగు తాపలు చెప్పిన, మర్ల చెప్పాల్నా?" అని మా అమ్మ కసురుతది. లెక్క తాపది, తిరిగి మొదలువెట్టుడు మర్లది.

ఒక అక్క కింద కామెంట్ల అడిగింది, "మర్లు వట్టిందా" అనేదాంట్ల మాట కూడ ఇదేనా అని. అది వేరే అక్కా. మరులు అంటే మోహం, మైకం. అది ముదిరి మన దగ్గర పిచ్చి అయింది. నడిమి అచ్చు పోంగనే మరులు, మరలు రెండూ ఒక్క తీరుగ వినవడ్తున్నయి.