‘సేయకునికి’ గురించి ఒక సందేహం

నెల్లూరులో మేం కొందరం కలిసి నవలలు చదువుకుంటాం. ఇప్పుడు టాల్‌స్టాయ్ ‘అన్నా కెరనినా’ నడుస్తోంది. కౌంటెస్ లిడియా ఇవనోవ్నా భక్తి గురించి మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన తిక్కన గారి పద్యం అందుకున్నారు.

ఒరులేయవి యొనరించిన
నరవర యప్రియము దన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్

ఇందులో ‘ఉనికి’ అంటే అస్తిత్వమేనా? చివరి పాదాన్ని కొందరు ‘పారాయణము’ అని చదువుతున్నారు. ఏది సరైనది?

జవాబు:

అమ్మా, ‘పారాయణము’ కుదరదు. ఇది కందం అనే ఛందస్సులోని పద్యం. మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి. ‘ఒ, న, నొ’ తర్వాత ‘పా’ వస్తే పద్యం చెడుతుంది. అర్థమూ చెడుతుంది. పారాయణమంటే నియమంగా చదవడం, పరాయణమంటే పరమాశ్రయం, చివరికి చేరవలసిన చోటు.

ఇక ‘ఉనికి’. ఈ రోజు మనం దాన్ని అస్తిత్వమనే అర్థంలో వాడుతున్నాం. ఇక్కడ అది ‘ఉండటం’ మాత్రమే. సేయక + ఉనికి, అంటే చేయకుండా ఉండటం. ఇతరులు ఏం చేస్తే తన మనసుకు నొప్పి కలుగుతుందో, తాను ఇతరులకు అది చేయకుండా ఉండటమన్నమాట. ధర్మమార్గాలన్నిటికీ గమ్యం ఒక దానమో వ్రతమో కాదు, చేయి వెనక్కి తీసుకోవడం అంటున్నాడు కవి. పైగా ‘నరవర’ అని పిలిచి ఒక రాజుతో చెప్పిస్తున్నాడు. చేయగల శక్తి ఉన్నవాడికే కదా చేయకుండా ఉండటం కష్టం! నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు అధికారం చేతులు ఎంత దూరం సాగుతాయో తెలియదా?

మీ పెద్దాయనకు ఈ పద్యం గుర్తుకు రావడం నాకెంతో నచ్చింది. లిడియా చేయని పుణ్యకార్యం లేదు. అన్నా ఇల్లు విడిచిన తర్వాత ఆమె భర్త కెరనిన్ ఇంటి బాధ్యత ఎత్తుకుంటుంది, అతనికి మతంలో ఊరట చూపిస్తుంది. అదే చేత్తో వాళ్ల కొడుకు, పసివాడు సెర్యోజా దగ్గరికి వెళ్లి, మీ నాన్న మహాత్ముడు, మీ అమ్మ చనిపోయింది అని చెబుతుంది. కొడుకును ఒక్కసారి చూడనివ్వమని అన్నా ప్రాధేయపడితే, క్రైస్తవ ప్రేమ పేరు చెప్పి కుదరదని రాస్తుంది. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే లిడియాను పెళ్లయిన రెండు నెలలకే భర్త వదిలేశాడు. తోసివేత ఎలా ఉంటుందో ‘తన మనంబున’ ఆమెకు తెలుసు. కొలత చేతిలోనే ఉంది, ఆమె దాన్ని వాడలేదు.

మరో ప్రశ్న:

కెరనిన్ మాత్రం నిజంగా క్షమించాడు కదండీ. అతనినీ లిడియాతో కలిపి చూడవచ్చా?

జవాబు:

కలపకూడదు. ప్రసవమయ్యాక అన్నా చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతను ఆమెనూ, ఆమె ప్రియుడు వ్రోన్‌స్కీనీ క్షమిస్తాడు. అన్నాకు వ్రోన్‌స్కీ వల్ల పుట్టిన పాపను దగ్గరకు తీస్తాడు. నవలలో అతను అంత ఎత్తుకు ఎదిగిన ఘట్టం మరొకటి లేదు. అప్పుడు ఏ మతగురువూ పక్కన లేరు, అతని మనసే అతనికి చెప్పింది. తర్వాత పరువు పోయి, తోటి అధికారుల ముందు చులకనై, ఆ మనసును లిడియాకు అప్పగిస్తాడు. చివరికి విడాకులు ఇవ్వాలా వద్దా అన్నది దివ్యదృష్టి ఉందని పేరుపడ్డ లాండౌ అనే ఫ్రెంచివాడు నిద్రలోనో, నిద్ర నటిస్తూనో అన్న మాటను బట్టి తేలిపోతుంది! పీటర్స్‌బర్గ్ సంపన్నుల ఇళ్లలో అప్పట్లో అలాంటివాళ్లకు గొప్ప ఆదరణ ఉండేది.

పద్యంలో ‘తన’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఒరుల మనసుతో కొలిచే వీలు తిక్కన ఇవ్వలేదు. మీ బృందం ఎనిమిదో భాగానికి చేరాక, నవలలో మరో ముఖ్యపాత్ర అయిన భూస్వామి లెవిన్‌తో ఫ్యోదర్ అనే రైతు చెప్పే మాటలు పైకి చదవండి. ఫొకానిచ్ అనే ముసలాయన బాకీ కోసం ఎవరి తోలూ వలవడట, ఆత్మ కోసం బతుకుతాడట, దేవుణ్ణి మరవడట. ఆ రైతు ఆయన్ను మెచ్చుకున్నది కూడా మొదట ఆయన చేయని పని చెప్పే.