గోల్ఫ్ కోర్సులో గడ్డి పని: తమ్ముణ్ణి పంపొచ్చా?

జడ్చర్ల రైతుబిడ్డ:
మా తమ్ముడు ఇంటర్ అయి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ కంట్రీ క్లబ్ వాళ్లు గోల్ఫ్ కోర్సు మీద గడ్డి చూసుకునే పనికి రమ్మన్నారు. మా అమ్మేమో "గడ్డి కోసేటందుకు పట్నం పోవాల్నా, మన చెలకల గడ్డి లేదా" అంటోంది. నాన్న ముంబైకి మట్టి పనికి పోయి నడుము పోగొట్టుకుని వచ్చిన మనిషి, అందుకే ఆమెకు టెన్షన్. అది ఛాంపియన్‌షిప్ కోర్సట, బంతి పడే గుంతను రోజూ మారుస్తారట. ఎందుకు? ఈ పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

కల్వకుర్తి గరిక:
తమ్మీ, తొమ్మిదేళ్లు ఈ పనే చేసిన. అమ్మకు ముందు ఈ మాట చెప్పు: అక్కడ పెంచేది గరిక జాతే. పత్తి చేలో మనం పీకి పీకి వేసారిపోయే గరికనూ, దక్షిణాఫ్రికా గడ్డి ఒకదాన్నీ సంకరం చేసి బెర్ముడా హైబ్రిడ్లు తీశారు. అవి గింజ కట్టవు, కాడలు నాటాలి. చేరిన రోజే మా సూపర్‌వైజర్ నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, అరచెయ్యి పెట్టించాడు. గడ్డి ఎత్తు మూడు మిల్లీమీటర్లు, నువ్వు గింజంత. దుప్పటి మీద చెయ్యి పెట్టినట్టుంది.

గుంత సంగతి. మేం దాన్ని కప్ మార్చడం అంటాం. ఆటగాళ్లంతా దాని చుట్టే తిరుగుతారు, అక్కడి గడ్డి నలిగిపోతుంది. అందుకే తెల్లవారుతుండగానే చోటు మారుస్తాం. గుండ్రటి కట్టర్ నిలువుగా దింపి, మెలితిప్పి, గడ్డితో సహా మట్టి ముద్దను పైకి లాగాలి. వెడల్పు 108 మిల్లీమీటర్లు, ప్రపంచమంతా అదే కొలత. తీసిన ముద్దను పాత గుంతలో కూర్చాలి. పనితనమంతా ఇక్కడే. ముద్ద కాస్త ఎత్తుగా ఉంటే మర్నాడు మెషీన్ దాని నెత్తి గొరిగేస్తుంది, కిందికుంటే బంతి పక్కకు పోతుంది. వేళ్లతో అంచు సర్ది, చెంబెడు నీళ్లు పోసి, బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూసేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ అతుకు ఎక్కడుందో నాకే దొరక్కపోతే ఎంత సంతోషమో!

ఛాంపియన్‌షిప్ కోర్సు అంటే 18 గుంతలు, పెద్ద టోర్నమెంట్‌కు సరిపోయే పొడవు, మామూలుగా 7,000 గజాల దగ్గర. టోర్నమెంట్ ముందు గ్రీన్ వేగం కూడా కొలుస్తారు. స్టింప్‌మీటర్ అని గాడి ఉన్న అల్యూమినియం బద్ద ఉంటుంది, దాని మీంచి బంతిని వదిలి ఎన్ని అడుగులు దొర్లిందో టేపు పట్టి చూస్తారు.

మర్రిగూడ:
ఫ్లోరైడ్ నీళ్ల ఊరు మాది. బిందెడు మంచినీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర నిలబడి పెరిగిన. ఆటకోసం అన్ని ఎకరాల గడ్డికి నీళ్లు పారిస్తారంటే నా మనసు ఒప్పుకోదన్నా.

కల్వకుర్తి గరిక:
మీ బాధ నిజం. మేం పెట్టింది శుద్ధి చేసిన మురుగునీరు. అన్నిచోట్లా అలాగే ఉంటుందని చెప్పలేను, చేరేముందు తమ్ముడు అడగాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, జీతం ఇచ్చేది క్లబ్బా, కాంట్రాక్టరా అని కూడా అడగాలి. మందు కొట్టే రోజు మాస్కు, గ్లౌజులు, బూట్లు ఇస్తారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. నేను మొదట చేసిన చోట ఇవ్వలేదు. రుమాలు కట్టుకుని కొట్టిన, రెండు రోజులు కళ్లు తెరవలేకపోయిన. వాళ్లు ఇవ్వకపోతే ఆ పని ఒప్పుకోవద్దు.

జడ్చర్ల రైతుబిడ్డ:
అన్నా, అమ్మకు చదివి వినిపించిన. "గరికనా?" అని రెండుసార్లు అడిగింది. తమ్ముణ్ణి అక్కడ గోల్ఫ్ ఆడనిస్తారా?

కల్వకుర్తి గరిక:
అది క్లబ్బును బట్టి. మా దగ్గర కోర్సు మూసిన రోజు స్టాఫ్‌ని ఆడనిచ్చేవారు. గోల్ఫ్ ఆటగాడు ఎస్‌ఎస్‌పీ చౌరాసియా వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్, అంటే మనలాగే గడ్డి చూసుకునే మనిషి. ఆ పిల్లాడు అక్కడే ఆట నేర్చుకుని 2016లో, మళ్లీ 2017లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

తమ్ముణ్ణి నాకు మెసేజ్ పెట్టమను. మెషీన్ బ్లేడు పదును కాగితం ముక్కతో ఎట్ల చూడాలో చేరకముందే నేర్పిస్త.