సమస్య: ‘ఆకు రాల బండి యాగిపోయె’

ఈసారి సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు సభ్యులు రాసి పద్యాన్ని పూరించాలి. ఆకు రాలితే బండి ఎందుకు ఆగుతుందని చదివినవాళ్లకు అనిపించాలి, అందుకే ఇచ్చాను. సందర్భం క్రిస్మస్ చెట్టు, దాని చుట్టూ వేసిన బొమ్మ రైలు పట్టాలు.

నాకు ఈ పాదం దొరికింది నేల మీద బోర్లా పడుకున్నప్పుడు. చెట్టు మొదలు చుట్టూ మూడడుగుల వలయం వేశాను. అసలు రైలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ కొలత బండి, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. సొరంగం దాటి వంపు తిరుగుతూ ఇంజను నిలిచిపోయింది. టార్చి వేసి చూస్తే రెండు పట్టాలకూ అడ్డంగా ఒకే ఒక్క సూది ఆకు పడి ఉంది. ముందు చక్రం దాని మీదికెక్కి వెంట్రుకవాసి పైకి లేచింది.

ఆటవెలది లక్షణం మరచిపోయినవారికి: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు. సమస్య అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర విసంధిని (సంధి చేయకుండా వదలడాన్ని) తప్పుగా లెక్కపెట్టను.

మొదటి పూరణ

చెట్టు క్రింద రైలు చిరుచక్రములలోకి
కమ్మినుండి మెఱుపు గదలి రాఁగ
కట్టు తెగినయట్లు కమ్మిపై సూదంటి
ఆకు రాల బండి యాగిపోయె

కరెంటును ‘మెఱుపు’ అనడం నాకు ఎంతో నచ్చింది. రెండో పాదం ఈ ఆట మొత్తానికీ ప్రాణం: పట్టా నుంచి చక్రానికి, చక్రం నుంచి మోటారుకు. ఆ తాకిడి తెగితే ఇంక ఏమీ లేదు. ‘కమ్మి’ రెండుసార్లు వచ్చింది, ఒకచోట మార్చుకుంటే బాగు.

దీనికి ఒక సభ్యుడు అడ్డు చెప్పారు: “అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకునే ఇంజను ఒక్క ఆకుకు ఆగదు కదండీ?” నిజమే. పొడవాటి ఇంజనయితే ఒక చక్రం లేచినా మిగతావి అందుకుంటాయి. ఆగేది నాలుగు చక్రాల చిన్న ఇంజను, అదీ మెల్లగా నడిచేటప్పుడు. పట్టు కోసం రబ్బరు తొడిగిన చక్రాలు కరెంటు తీసుకోవు కనుక వాటిని లెక్కలోంచి తీసేయాలి. పద్యంలో ‘చిరుచక్రములు’ అని ఉంది కాబట్టి కవి పక్షానే తీర్పు చెబుతున్నాను. ఇంకొక మాట. ఆకును తీసేస్తే పని అయిపోదు, దాని బంక పట్టా మీద మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాకే బండి నడపాలి.

రెండో పూరణ

తళుకు రేకు మాల తరువుపై వ్రేలాడి
జంట కమ్ము లంట జారి పడిన
నిప్పు రవ్వ లెగసె నిమిషాన, వెండిదౌ
ఆకు రాల బండి యాగిపోయె

ఆకును అలంకారపు రేకుగా మార్చారు. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) బండిలో ఒక పట్టా ధనం, ఇంకొకటి ఋణం. లోహపు రేకు రెండింటినీ కలిపితే షార్టు సర్క్యూటే. ఇప్పటి తళుకు మాలల్లో చాలావరకు ప్లాస్టిక్ పొరే ఉంటుంది గానీ, లోహపు తీగ ఉన్నవీ ఉన్నాయి. వాటిని కింది కొమ్మలకు కట్టవద్దు. పద్యంలో లోపం పునరుక్తి: ‘జారి పడిన’ అన్నాక మళ్లీ ‘రాల’. మొదటి పాదాన్ని ‘వ్రేలాడ’ అని ముగించి, రెండో పాదాన్ని ‘జంట కమ్ము లంత జతగఁ గలిసి’ అంటే పడడం ఒక్కసారే వస్తుంది, షార్టు ఎలా అయిందో కూడా తెలుస్తుంది.

మూడో పూరణ

ఆవిరింజనునకు నందమౌ చక్రాన
నతుకుపెట్టి చేతు లలసె గాని
తిరిగి తిరిగి జిగురు తీరెను, పుటుకున
ఆకు రాల బండి యాగిపోయె

ఇది చదివి లేచి నిలబడ్డాను. బండి చక్రానికి నడుమనుండే కుండ నుంచి అంచు దాకా ఉండే పుల్లల్ని ఆకులంటాం కదా! ఎడ్లబండి నాటి మాటను ఆవిరి ఇంజను చక్రానికి తెచ్చి అతికించారు, చెట్టు ఊసే ఎత్తలేదు. మూడో పాదంలో ఆ లఘువుల పరుగు కూడా గమనించండి, చక్రం తిరుగుతున్నట్టే ఉంది. ‘తీరెను’ దగ్గర గురువు వచ్చి కాలు అడ్డం పెడుతుంది. ఒక ఆకు ఊడినంత మాత్రాన చక్రం ఆగదు, ఊడిన ముక్క పక్క చక్రాలను కలిపే కడ్డీలో ఇరుక్కుంటే ఆగుతుంది. ఆ ఇరుక్కోవడం పద్యంలో లేదు, అయినా నా ఓటు దీనికే.

నాలుగో పూరణ

బొమ్మయూరు కట్టి బొగ్గుబండిని పెట్టి
నీటిచెంబు మఱచి చెట్టు విడువ
నెలదినములు గడచె, నిలువెల్లఁ బొడిబారి
ఆకు రాల బండి యాగిపోయె

“పద్యం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే చెప్పండి” అని రాశారు ఈ సోదరి. గణాలన్నీ సరిపోయాయమ్మా. తప్పు ఒక్కటే, రెండో పాదంలో ‘నీ’కి ‘చె’తో యతి కుదరదు. మాటల్ని కాస్త అటూ ఇటూ జరిపి ‘చెంబునీళ్ళు మఱచి చెట్టు విడువ’ అనండి, చక్కబడుతుంది. అసలు కారణాన్ని పట్టుకున్నది మీరొక్కరే. నరికిన చెట్టు కూడా నీరు తాగుతుంది. మొదలు కోత ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటే ఆకు త్వరగా రాలదు. తొట్టిలో నీళ్లు పోసేటప్పుడు మాత్రం రైలు ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు తీసేయండి, దాన్ని చెట్టుకు దూరంగా, నేల కంటే ఎత్తులో పెట్టండి.

ఇక నా పూరణ. ఆ రాత్రి నేను ఆకు కోసం టార్చి వేస్తుంటే, పక్కనే కూర్చున్న పాప అన్న మాట ఇది.

చిన్నిపాప యనియెఁ జేరితి మూరని,
దిగిరి బొమ్మలెల్లఁ దీరుగాను;
ఆగు చోటు చూచి యా స్టేషనెదుటనె
ఆకు రాల బండి యాగిపోయె

నిజానికి బండి ఆగింది స్టేషనుకు జానెడు ఇవతల. మరునాడు పొద్దున్నే అట్ట స్టేషనును ఆ వంపు దగ్గరికి జరిపి అతికించాను.