ఉత్ప్రేరకాల పరిశోధన: కొత్తవి వెతకాలా, ఉన్నవి అర్థం చేసుకోవాలా?

నికెల్‌రేణువు: మాది ఉత్ప్రేరకాల రంగం, అంటే తాము ఖర్చవకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాలది. ఇక్కడ ఇప్పుడు కొత్త నానోపదార్థం తయారుచేయడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో తీయడం, పేపర్ పంపడం, ఇదే వరస. అది ఎందుకు పనిచేస్తోందని అడిగేవాళ్లు తక్కువ. విశ్వవిద్యాలయాలు ఈ వేట తగ్గించి, ఉత్ప్రేరకం ఉపరితలం మీద అసలు ఏం జరుగుతోందో తేల్చే పనికి ఎక్కువ సమయం ఇవ్వాలని నా వాదన.

ప్రయోగవాది: నేనొప్పుకోను. అమ్మోనియా తయారీకి వాడే ఇనుము ఉత్ప్రేరకాన్ని జర్మన్ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ బృందం వేల ప్రయోగాలు చేసి పట్టుకుంది. సిద్ధాంతం కోసం ఆగలేదు. బంగారం సంగతీ అంతే. జడలోహమని పక్కన పెట్టేశారు. 1987లో మసతకే హరుటా బృందం బంగారాన్ని నానోమీటర్ల రేణువులుగా లోహ ఆక్సైడ్ మీద నిలిపి, సున్నా డిగ్రీల కంటే బాగా దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించింది. వెతకకపోతే ఇది దొరికేదా?

నికెల్‌రేణువు: ఇనుము దొరికింది సరే, అది ఎలా పనిచేస్తుందన్న తగవు దశాబ్దాలు సాగింది కదండీ. జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్టల్ శుభ్రమైన ఇనుము స్ఫటికాల మీద చూసి, నైట్రోజన్ అణువు ముందు పరమాణువులుగా విడిపోతుందని, చర్యలో నెమ్మదైన మెట్టు అదేనని తేల్చారు. ఇలాంటి పనికే 2007లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ప్రయోగవాది: శూన్యంలో ఒకే స్ఫటికం మీద చూసింది, వంద అట్మాస్ఫియర్లు దాటే రియాక్టర్‌కు వర్తిస్తుందా?

స్ఫటికం: ఆ అనుమానానికి ‘ప్రెషర్ గ్యాప్’ అని పేరే ఉంది. అయితే అమెరికాలో రసాయన శాస్త్రవేత్త సొమోర్జాయ్ బృందం అవే ఇనుము స్ఫటికాల ముఖాలను (111, 110 అనేవి పరమాణువుల అమరికను బట్టి ఆ ముఖాలకిచ్చే పేర్లు) 20 అట్మాస్ఫియర్ల దగ్గర పరీక్షించింది. 111 ముఖం మీద అమ్మోనియా 110 ముఖం కంటే 400 రెట్లకు పైగా వేగంగా తయారైంది. లోహం అదే, పరమాణువుల అమరికే వేరు.

నాకు ఇంకో బాధ ఉంది. నైట్రోజన్ నుంచి విద్యుత్తుతో అమ్మోనియా చేశామనే పేపర్లలో చాలావాటికి వచ్చే అమ్మోనియా అతి స్వల్పం. ఆ మాత్రం అమ్మోనియా గాలిలోంచి, గ్లోవ్స్ నుంచి, విద్యుత్తు పంపే సెల్‌లోని పొర నుంచి కూడా రావచ్చు. వాడే గ్యాస్‌లోనే నైట్రోజన్ ఆక్సైడ్ల మలినం ఉండొచ్చు. శుద్ధిచేసిన నైట్రోజన్-15 (మామూలు దానికంటే బరువైన నైట్రోజన్; అమ్మోనియా దాన్నుంచే వచ్చిందో లేదో గుర్తుపట్టవచ్చు) వాయువుతో చూడకుండా కొత్త ఉత్ప్రేరకం కనుక్కున్నామంటే నేను నమ్మను. దాన్ని నమ్మి తర్వాతి విద్యార్థి నెలలకొద్దీ కష్టపడితే ఆ కాలం ఎవరిస్తారు?

ప్రయోగవాది: ఈ పరీక్ష తప్పనిసరి అంటే నేనూ చేయెత్తుతాను. కానీ ఆ వాయువు ఖరీదైనది. చిన్న ల్యాబ్‌లు ప్రతి నమూనాకూ వాడలేవు.

స్ఫటికం: ప్రతి నమూనాకూ అక్కర్లేదండీ. ముందు నైట్రోజన్ బదులు ఆర్గాన్‌తో ఖాళీ పరీక్ష చేయండి, కరెంటు ఆపి ఇంకోటి చేయండి. ఆ రెండూ దాటి నిలిచినదానికే ఖరీదైన వాయువు.

నికెల్‌రేణువు: ఖాళీ పరీక్షల అంకెలు కూడా పేపర్లో వేయమనాలి. ఇప్పుడు చాలామంది వేయడం లేదు.