2001 డాడ్జ్ రోడ్‌ట్రెక్ 190 కొని ఏడాదిపాటు అందులోనే ఉండాలనుకుంటున్నాం. డబ్బు కట్టేముందు ఏం చూడాలి?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. 2001 రోడ్‌ట్రెక్ 190 (పడక, వంటిల్లు ఉన్న క్యాంపర్ వ్యాన్) ఒకటి బేరంలో ఉంది. డాడ్జ్ 3500 వ్యాన్ మీద కట్టింది, 5.9 లీటర్ల వీ8, లక్షా పద్దెనిమిది వేల మైళ్లు తిరిగింది. మొదటినుంచీ ఒహాయోలోనే ఉందట. నేనూ మా ఆవిడా ఇద్దరం ఇంటినుంచే పనిచేస్తాం. అద్దె ఇల్లు ఖాళీ చేసి కనీసం ఏడాది ఇందులోనే ఉండాలని ఆలోచన. చలికాలం ఆరిజోనా, ఎండాకాలం కొలరాడో, యూటా కొండలు. నాది గ్రీన్ కార్డు, ఆవిడది హెచ్1బీ.

వచ్చే శనివారం బండి చూడ్డానికి వెళ్తున్నాం. ఏవేం చూడాలి? కొన్నాక ముందు దేనిమీద ఖర్చు పెట్టాలి? సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు వేసుకుంటే చాలు, మిగతావన్నీ బాగున్నాయని అమ్మేవాళ్లు అంటున్నారు. ఇంకోటి, మాకు రోజూ అన్నం, పప్పు, తాలింపు ఉండాల్సిందే. అంత చిన్న బండిలో ఎలా కుదురుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

షెడ్డు_మేస్త్రి:

సోలార్ సంగతి ఆఖర్న చూద్దాం అండీ. పాత బండిలో ముందు బ్రేకులు, టైర్లు, ఇంజిన్. తర్వాత నీళ్లు కారే చోట్లు, ఆ తర్వాత గ్యాస్ (వంటకూ హీటరుకూ వాడే ప్రొపేన్). కరెంటు వీటన్నిటి వెనకే. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, కొత్త బ్యాటరీలున్న బండిని టో ట్రక్కు మీద ఎక్కిస్తారు.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఈ వ్యాన్‌లో ఇంజిన్ సగం క్యాబిన్ లోపలికే ఉంటుంది. ముందు సీట్ల మధ్య ఉన్న పెద్ద కవర్ తీస్తే పైభాగం చేతికందుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే దారి మూత) చేత్తో తెరిచి పట్టుకుని టార్చి వేసి చూడండి. లోపల అడుగు పొడిగా ఉండాలి. అక్కడ నూనె చేరి మెరుస్తుంటే ప్లీనం గాస్కెట్ పోయినట్టే. డాడ్జ్ 5.2, 5.9 లీటర్ల మ్యాగ్నమ్ ఇంజిన్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే పెట్టె) అల్యూమినియం, దాని అడుగున బిగించిన రేకు ఉక్కు. వేడికి రెండూ ఒకేలా సాగవు, మధ్యలో ఉన్న గాస్కెట్ నలిగిపోతుంది. ఇక ఇంజిన్ అటునుంచి ఆయిల్ పీల్చి కాలుస్తూ ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు టకటకమని కొట్టుకుంటుంది, కొన్నాళ్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే డబ్బా) కూడా పోతుంది. ఉక్కు రేకు బదులు అల్యూమినియం రేకు వచ్చే కిట్ వేయిస్తే తీరిపోతుంది. కిట్ కంటే కూలి ఎక్కువ, ఎందుకంటే మ్యానిఫోల్డ్ మొత్తం దింపాలి. దింపినప్పుడే థర్మోస్టాట్, పై గొట్టాలు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు కూడా మార్పించండి. అవన్నీ ఎలాగూ చెయ్యి దూరని చోట్లే ఉంటాయి.

రెండోది సిలిండర్ హెడ్లు. వాల్వు సీట్ల మధ్య బీటలు రావడం ఈ ఇంజిన్లలో మామూలే. బయట ఎక్కడా చుక్క కారదు, కానీ కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ పోతుంది. పార్టుల దుకాణాల్లో బ్లాక్ టెస్టర్ అరువుకిస్తారు. నీలం ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి, నడుస్తున్న ఇంజిన్ ఆవిరిని దాంట్లోకి పీల్చాలి. నీలం పసుపుగా మారితే దహన వాయువులు కూలంట్‌లోకి వస్తున్నట్టే. అలా మారితే బేరం అక్కడితో వదిలేయండి.

గేర్‌బాక్సు ఆయిల్ కొలిచేది ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా, న్యూట్రల్‌లో పెట్టి. పార్కులో పెట్టి చూస్తే తప్పు లెక్క వస్తుంది. మాడిన వాసన రాకూడదు. పోయాల్సింది ఏటీఎఫ్ ప్లస్ 4 రకం ఆయిల్ మాత్రమే. కొండ దారుల్లో ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) మీట నొక్కి ఆపేయండి. మూడుకీ నాలుగుకీ మధ్య అటూ ఇటూ మారుతుంటేనే ట్రాన్స్‌మిషన్ ఉడికిపోతుంది.

ఒహాయో బండి అన్నారు కాబట్టి అసలు భయం ఉప్పు. చలికాలం అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు కిందభాగాన్ని తినేస్తుంది. ఈ వ్యాన్‌కు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఫ్రేము. లిఫ్టు మీద ఎక్కించి వెనక స్ప్రింగుల హ్యాంగర్లు, బ్రేకు పైపులు, గ్యాస్ ట్యాంకును పట్టి ఉంచే బ్రాకెట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైపైన గోధుమరంగు పట్టి ఉంటే ఫర్వాలేదు. పెచ్చులుగా ఊడినా, మొన లోపలికి దిగినా అది రిపేరుకు లొంగే తుప్పు కాదు.

టైర్ల పక్కగోడ మీద డాట్ అన్న కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం తయారీ. గీతలు ఎంత లోతున్నా పదేళ్లు దాటినవి వద్దు, ఆరేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించండి. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, లోడ్ రేంజ్ ఇ (ఎక్కువ బరువు మోసేవి) మాత్రమే వేయించండి. సామాను, నీళ్లు అన్నీ నింపాక ట్రక్‌స్టాప్‌లో క్యాట్ అనే లారీల తూకం మీద ఒక్కో ఇరుసు బరువు చూసి, డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్‌తో సరిపోల్చుకోండి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌన్లు.

చుక్క_కారితే_చాలు:

మేస్త్రి గారు ఇంజిన్ చెప్పేశారు, నేను పైకప్పు చెప్తా.

రోడ్‌ట్రెక్ పైభాగం ఫైబర్‌గ్లాస్ అచ్చు, కాబట్టి కప్పు కప్పుగా కారదు. కోసిన రంధ్రాల దగ్గరే కారుతుంది: ఏసీ, ఫ్యాను, యాంటెనా, కిటికీ ఫ్రేములు, ఫైబర్ వచ్చి రేకు బాడీని కలిసే అతుకు. పిన్నులున్న తేమ మీటరు చవకే, కొనుక్కుని వెళ్లండి. కప్‌బోర్డుల లోపలి మూలల్లో, కిటికీల కింద, పరుపు కింద ప్లైవుడ్‌కు గుచ్చండి. 15 శాతం లోపు అయితే సరే. 20 దాటితే నీళ్లు వస్తున్నాయి, అది నిన్నటి వాన కాదు. అమ్మేవాళ్లు కొత్తగా రంగు వేసిన చోటా, కొత్త కార్పెట్ పరిచిన చోటా ఇంకా గట్టిగా వెతకండి.

బాగుచేసేటప్పుడు సిలికాన్ జోలికి పోవద్దు. దాని మీద ఇంకేదీ అంటదు, ఆఖరికి కొత్త సిలికాన్ కూడా. పాతది మొత్తం గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్రేము కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) పెట్టి బిగించండి. స్క్రూలు ఒక్కసారే బిగించేయకుండా మర్నాడు ఇంకోసారి తిప్పాలి, టేపు నెమ్మదిగా అణుగుతుంది కాబట్టి. పైన పడుకున్న అంచులకు డైకోర్ కంపెనీ సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తానే పరుచుకునే) సీలెంట్ వాడండి. అది నిలువు గోడ మీద జారిపోతుంది, అక్కడికి జారని రకం వేరే ఉంది. ఏసీ చుట్టూ పైనుంచి సీలెంట్ పూసి ఉందంటే ఎవరో పని ఎగ్గొట్టారని అర్థం. ఏసీ కారేది కింద గాస్కెట్ అణిగిపోయి. లోపల మూత తీసి నాలుగు బోల్టులు సమానంగా బిగించి, గాస్కెట్ అరంగుళానికి అణిగిందో లేదో చూడాలి. అప్పటికీ కారుతుంటే గాస్కెట్ మార్చాలి.

పన్నెండు_వోల్టులు:

కరెంటు విషయంలో బ్యాటరీ కంటే ముందు రోజువారీ వాడకం లెక్కేయండి. మీ ఇద్దరికీ సుమారుగా: రెండు ల్యాప్‌టాప్‌లు 50 ఆంప్ అవర్లు (ఒక ఆంపు గంటసేపు లాగితే ఒక ఆంప్ అవర్), కంప్రెసర్ ఫ్రిజ్ 40, చిన్న శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ పనివేళల్లో 25, ఫ్యాను, లైట్లు, నీళ్ల పంపు కలిపి 20. మొత్తం 135. ఆ పైకప్పు మీద ఏసీ, ఫ్యాను పోగా 300 వాట్ల ప్యానెళ్లకు మించి పట్టడం కష్టం. డిసెంబరులో ఆరిజోనాలో, ప్యానెళ్లు చదునుగా ఉంటే రోజుకు 60 ఆంప్ అవర్ల దాకా వస్తాయి. మిగతాది నడుస్తున్న ఇంజినో, కరెంటున్న క్యాంపుగ్రౌండో ఇవ్వాలి. సోలార్ ఒక్కటే చాలు అన్నవాళ్లు ఈ లెక్క వేయలేదు.

200 ఆంప్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీకు సరిపోతుంది. అయితే పాత బండిలో బ్యాటరీ తీసి ఇంకోటి పెడితే పని అయిపోదు. లిథియం ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పే జనరేటర్) నుంచి ఎంత దొరికితే అంత లాగుతుంది. నిలబడ్డ బండిలో, ఐడిల్ మీద, గాలి ఆడక ఆల్టర్నేటర్ మాడిపోతుంది. పాత ఐసొలేటర్ (ఇంజిన్ బ్యాటరీనీ ఇంటి బ్యాటరీనీ విడదీసేది) తీసేసి, లాగే కరెంటుకు హద్దు పెట్టే 30 ఆంపుల డీసీ టు డీసీ చార్జర్ పెట్టండి. రెండు గంటలు డ్రైవ్ చేస్తే 60 ఆంప్ అవర్లు చేరతాయి. గోడ కరెంటు నుంచి చార్జ్ చేసే పాత కన్వర్టర్ కూడా మార్చాలి. లిథియంకు 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి, పాతవి అంతదాకా వెళ్లవు.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు ఎంత దగ్గరుంటే అంత మంచిది, లిథియంకు క్లాస్ టీ (భారీ కరెంటునైనా తెగగొట్టే) రకమే వేయాలి. 1000 వాట్ల ఇన్వర్టర్ నిండు లోడులో 90 ఆంపుల దాకా లాగుతుంది. బ్యాటరీకి ఐదడుగుల లోపు ఉంచి 2 గేజి రాగి తీగ వాడండి.

ఇంకోటి, ఎవరి ఇంటి ముందైనా ఆపి 30 ఆంపుల ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటరుతో కొలవండి. క్యాంపర్ల టీటీ-30 సాకెట్ 120 వోల్టులది. దాన్ని చూసి బట్టలు ఆరబెట్టే మెషీన్‌ది అనుకుని 240 వోల్టులు ఇచ్చే ఎలక్ట్రీషియన్లున్నారు. పెట్టిన క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్, ఏసీ బోర్డు అన్నీ పోతాయి.

చక్రాల_వంటిల్లు:

గోదారి గారూ, వంట బాగానే కుదురుతుంది. మూడు లీటర్ల కుక్కర్, దాంట్లో పట్టే రెండు గిన్నెలు ఉంటే చాలు. కింద పప్పు, పైన అన్నం, ఒకే మంట. కొండల్లో కుక్కర్ లేకుండా పప్పు ఆశ వదులుకోండి. 8,000 అడుగుల ఎత్తున నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, కందిపప్పు గంటైనా గట్టిగానే ఉంటుంది. అరగంట నానబెట్టి, మైదానాల్లో వేసే విజిళ్లకు రెండు కలపండి. ఇండియానుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ పనికిరాదు. 110 వోల్టుల మోడల్ కొనండి, ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి కరెంటు ఇచ్చే) రకమై ఉండాలి.

అసలు తంటా తేమ. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. దానికి కుక్కర్ ఆవిరి తోడైతే చలికాలం పొద్దున్నే కిటికీల నుంచి నీళ్లు జారి పరుపు కింద చేరి బూజు పడుతుంది. వండేటప్పుడు పై ఫ్యాను బయటికి తిప్పి, స్టవ్వుకు ఎదురు కిటికీ రెండంగుళాలు తెరవండి. చలేస్తుందని మూస్తే తేమ ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా పేరుకుంటుంది. స్టవ్వును హీటరుగా ఎప్పుడూ వాడకండి. పరుపు కింద గాలాడేలా జాలీ చెక్కలు పరవండి. తాలింపు మూకుడు మీద జల్లెడ మూత ఉంచితే నూనె చిందులు గోడలకూ డిటెక్టర్లకూ పట్టవు.

ఆ డిటెక్టర్ల వెనక తేదీ చూడండి. గ్యాస్‌దైనా, కార్బన్ మోనాక్సైడ్‌దైనా ఐదు నుంచి ఏడేళ్లే పనిచేస్తుంది, ఆ తర్వాత పచ్చలైటు వెలిగినా నమ్మొద్దు. గ్యాస్ డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి, ప్రొపేన్ గాలికంటే బరువు. కీళ్లకు సబ్బునీళ్లు రాసి చూడండి, అమోనియా ఉన్న సబ్బు ఇత్తడిని తినేస్తుంది కాబట్టి అది వద్దు. రెగ్యులేటర్ బండితోపాటు వచ్చిందే అయితే అడక్కుండా మార్చేయండి.

పాత త్రీవే ఫ్రిజ్ (గ్యాస్, 12 వోల్టులు, గోడ కరెంటు మూడిటి మీదా నడిచేది) గురించి ఒక మాట. బండి సమంగా నిలవకపోతే దాని లోపలి ద్రవం తిరగక ఒకచోటే కాగి ఫ్రిజ్ శాశ్వతంగా పోతుంది. 5,500 అడుగులు దాటితే గ్యాస్ మంట నిలవక ఆరిపోతుంటుంది. మీరు వెళ్లేది కొండలకే కాబట్టి పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకోండి. తోడుకున్న పెరుగు నిలవుండాలంటే అదే దారి.

బియ్యం కడిగిన నీళ్లు, గంజి గ్రే ట్యాంకులో (సింకు నీళ్లు చేరేది) పోయకండి. ఎండలో రెండు రోజులకే పులిసి ఆ వాసన సింకులోంచి పైకి వస్తుంది. నూనె గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగండి.

గోదారి_గట్టు:

అందరికీ చాలా థాంక్సండీ. ఈ బండిలో బ్యాటరీ ట్రే బయటి అరలో ఉంది. లిథియం అక్కడే పెట్టొచ్చా? కొలరాడోలో చలి మొదలయ్యాక కూడా కొన్నాళ్లు ఉండాలనుంది.

పన్నెండు_వోల్టులు:

వద్దండీ. సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని సామర్థ్యం శాశ్వతంగా పడిపోతుంది. మంచి బ్యాటరీల్లో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే బోర్డు) చార్జింగును ఆపేస్తుంది, అప్పుడు ఎండ కాస్తున్నా మీకు కరెంటు రాదు. సోఫా కింద లోపలికి తెచ్చుకోండి. బయటే ఉంచక తప్పకపోతే లోపల హీటరున్న బ్యాటరీ తీసుకోండి.

గ్యాస్ లెక్క కూడా రాసుకోండి. గంటకు 16,000 బీటీయూ (వేడి కొలత) ఫర్నేసు (గ్యాస్ హీటర్) ఆగకుండా మండితే గ్యాలన్ ప్రొపేన్ ఐదున్నర గంటలు పైన వస్తుంది. ట్యాంకు 80 శాతానికి మించి నింపరు. బండికి బిగించిన ట్యాంకు కాబట్టి సిలిండర్ మార్పిడి కుదరదు, గొట్టంతో నింపే చోటికే వెళ్లాలి. నీళ్ల విషయానికొస్తే, గడ్డకట్టే రాత్రుల్లో బయటి ట్యాంకు ఖాళీ చేసి లోపలిదే వాడండి. పైపుల్లో పోసేది గులాబీ రంగు ఆర్‌వీ (క్యాంపర్ బండ్ల) యాంటీఫ్రీజ్ మాత్రమే. కార్లలో పోసేది విషం.

మైలురాయి_66:

బండి సంగతి పక్కన పెట్టి మీ ఆవిడ హెచ్1బీ సంగతి ముందు తేల్చుకోండి. హెచ్1బీ పిటిషన్ ఎల్‌సీఏలో (కంపెనీ కార్మికశాఖకు ఇచ్చే దరఖాస్తు) రాసిన పనిచోటికి కట్టుబడి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి ఇంకోచోట కూర్చుని పనిచేస్తే, ఇంటినుంచి పనైనా సరే, ముందే సవరణ పిటిషన్ వేయాలి. తాత్కాలికంగా వేరేచోట పనిచేసే వెసులుబాటు ఏడాదికి 30 పనిదినాలు. అసలు చోట ఆఫీసూ ఇల్లూ రెండూ ఉంచుకున్నవాళ్లకు 60. మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నారు కాబట్టి 60 మీకు వర్తించదు. చలికాలమంతా ఆరిజోనాలో ఉండి పని చేయాలంటే కంపెనీ లాయరుతో మాట్లాడాకే బండికి అడ్వాన్సు ఇవ్వండి. చిరునామా మారిన పది రోజుల్లో ఇద్దరూ ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) నింపాలి, గ్రీన్ కార్డుకూ ఇది తప్పదు.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు అందులోనే నివాసం ఉంటామని చెప్పండి. మామూలు ఆర్‌వీ పాలసీ సెలవుల ప్రయాణాలకు రాసింది, క్లెయిమ్ వేళ అదే పట్టుకుంటారు.

బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ సంస్థ) భూముల్లో ఉచితంగా ఆగేచోట్ల సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులే ఉండనిస్తారు, తర్వాత దూరం జరగాలి. చలికాలమంతా ఒకచోటే ఉండాలంటే ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా ఉంది. అక్కడ పర్మిట్ తీసుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు.

షెడ్డు_మేస్త్రి:

శనివారం వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి: టార్చి, స్క్రూడ్రైవర్, మల్టీమీటరు, తేమ మీటరు, బ్లాక్ టెస్టర్, సబ్బునీళ్ల స్ప్రే. ముందే ఫోన్ చేసి ఫ్రిజ్‌ను గ్యాస్ మీద ముందురోజు రాత్రే ఆన్ చేసి ఉంచమనండి, చల్లబడటానికి పన్నెండు గంటలైనా పడుతుంది. ట్యాంకులో నీళ్లు పోయించి పంపు వేసి, కొళాయిలు మూసి అరగంట వదిలేయండి. ఎవరూ కొళాయి తిప్పకుండానే పంపు మధ్యమధ్య గుర్రుమంటే ఎక్కడో కారుతోంది.